నూడుల్స్ కథలో విలన్ నీళ్ళే!

మొదటి ఆట విడిచిపెట్టే వేళకి సికిందరాబాదులో సినిమాహాళ్ళున్న వీధుల్లో రెండు చప్పుళ్ళు వినిపిస్తాయి. ఒకటి, "హీరో ఇరగదీశాడ్రా!" అంటూ గుంపులుగా బయటికొచ్చే కుర్రకారు గోల. రెండోది, కాస్త అవతల సందు మొగలో ఇనప మూకుడు మీద ఇనప గరిటె చేసే టంగు టంగుమనే మోత. మొదటిదాని కంటే రెండోదానికే జనాన్ని లాగే శక్తి ఎక్కువేమో అనిపిస్తుంది, ఆ బండి చుట్టూ మూగిన వాళ్ళని చూస్తే. "అన్నా, ఒక ఫుల్ ఎగ్ నూడుల్స్... కారం జర ఎక్కువెయ్యి!" అని కేక వెయ్యడమే తరవాయి. రెండు మూడు నిమిషాల్లో పొగలు కక్కుతూ ప్లేటు చేతికొచ్చేస్తుంది.

సరే, అదే నూడుల్స్ ఇంట్లో చేస్తే?

మోండా మార్కెట్‌కి వెళ్ళి క్యాబేజీ, క్యారెట్, ఉల్లికాడలు తెస్తారు. నూడుల్స్ ప్యాకెట్, మూడు రకాల సాస్ సీసాలు కొంటారు. వంటింట్లోంచి అమ్మని బయటికి పంపి, చొక్కా చేతులు పైకి మడిచి మరీ రంగంలోకి దిగుతారు. తీరా చూస్తే బాణలిలోంచి దిగేది నూడుల్స్ కాదు, ముద్ద! "సేమ్యా ఉప్మాలో సోయా సాస్ పోశావేంట్రా?" అని అన్నయ్య వెక్కిరింపు. "ఆ డబ్బులకి రెండు రోజుల కూరలొచ్చేవి" అని అమ్మ సణుగుడు.

ఇంతకీ తప్పెక్కడ జరిగింది?

రహస్యం సీసాలో లేదు

బండివాడి దగ్గర ఏదో రహస్యమైన సాస్ ఉందనీ, అది మనకి చెప్పడనీ చాలామందికి గట్టి నమ్మకం. 2008లో వచ్చిన 'కుంగ్ ఫూ పాండా' కార్టూన్ చిత్రం చూసిన వాళ్ళకి గుర్తుండే ఉంటుంది. అందులో హీరో పాండాని పెంచిన తండ్రి ఒక బాతు. ఆయనది నూడుల్స్ సూప్ అంగడి. ఆ సూప్‌లో ఏదో రహస్య దినుసు ఉందని ఊరంతా చెప్పుకుంటారు. చివరికి తండ్రే కొడుకుతో అసలు సంగతి చెబుతాడు, అందులో రహస్యమంటూ ఏమీ లేదని!

మన బండి నూడుల్స్ సంగతీ అంతే. బండి మీద ఉండే సోయా సాస్, చిల్లీ సాస్, వెనిగర్, మిరియాల పొడి కిరాణా కొట్లో అందరికీ దొరికేవే. తేడా అంతా మంటలోనూ, నీళ్ళలోనూ ఉంది. మంట మన చేతిలో లేదు. నీళ్ళు మాత్రం మన చేతిలోనే ఉన్నాయి. ఇంటి నూడుల్స్ నెగ్గాలంటే ఆ ఒక్క విలన్‌ని జయిస్తే చాలు. ఆ యుద్ధం ఎలా చెయ్యాలో చెప్పేముందు, అసలు ఈ నూడుల్స్ మన సందు దాకా ఎలా వచ్చాయో కాస్త తెలుసుకుందాం. ఏ సినిమాకి తగ్గని కథ అది.

కలకత్తా నుంచి మన సందు దాకా

మనం 'చైనా వంట' అని పిలుచుకునే ఈ వంటకం పుట్టిల్లు చైనా అనుకుంటే పొరపాటే. పుట్టింది కలకత్తాలో. 18వ శతాబ్దం చివరిలో, వారన్ హేస్టింగ్స్ కాలంలో, టాంగ్ అచ్యూ అనే చైనా వర్తకుడు కలకత్తాకి దగ్గర్లో హుగ్లీ ఒడ్డున చక్కెర మిల్లు పెట్టాడు. ఆ చోటుని ఇప్పటికీ ఆయన పేరుమీదనే అచీపూర్ అంటారు. తరవాత తరవాత కలకత్తాలో చైనా వాళ్ళ పేటలే వెలిశాయి. వాళ్ళలో 'హక్కా' అనే తెగవాళ్ళు టాంగ్రా ప్రాంతంలో తోళ్ళ పరిశ్రమ నడిపారు. మన ప్యాకెట్ల మీద కనిపించే 'హక్కా నూడుల్స్' అన్న మాట ఈ జనం పేరే.

వాళ్ళు తమ వంటలోకి మన పచ్చిమిరప, అల్లం, వెల్లుల్లి, ఉల్లి దండిగా దించారు. మన నాలుకని వాళ్ళు కనిపెట్టారన్నమాట! కలకత్తాలోనే పుట్టిన నెల్సన్ వాంగ్ 1975 ప్రాంతంలో బొంబాయి క్రికెట్ క్లబ్ వంటింట్లో కోడిమాంసం ముక్కల్ని అల్లం, వెల్లుల్లి, పచ్చిమిర్చి, సోయా సాస్‌లతో కలిపి 'చికెన్ మంచూరియన్' సృష్టించాడని చెబుతారు. చైనాలోని మంచూరియాకీ దానికీ పేరు తప్ప చుట్టరికం లేదు.

ఈ కథలో కన్నీళ్ళ ఘట్టం కూడా ఒకటుంది. 1962లో చైనాతో యుద్ధం వచ్చింది. ఈ దేశంలో పుట్టి, ఇక్కడి భాష మాట్లాడి, ఇక్కడే బతుకుతున్న చైనా సంతతి వాళ్ళని దాదాపు 3,000 మందిని రాజస్థాన్‌లోని దేవ్‌లీ శిబిరంలో నిర్బంధించారు. ముసలివాళ్ళు, పసిపిల్లలు కూడా వాళ్ళలో ఉన్నారు. కొందరు సంవత్సరాల తరబడి అక్కడే మగ్గారు. బయటికొచ్చేసరికి చాలామందికి ఇళ్ళు, దుకాణాలు లేకుండా పోయాయి. కెనడా వెళ్ళి స్థిరపడ్డ వాళ్ళూ ఉన్నారు. ఇవాళ టొరాంటోలో 'హక్కా' బోర్డు పెట్టిన హోటళ్ళలో చిల్లీ చికెన్, మన మార్కు నూడుల్స్ దొరకడానికి అదే కారణం. ఉండిపోయిన వాళ్ళలో ఎందరో హోటళ్ళు, చెప్పుల దుకాణాలు, బ్యూటీ పార్లర్లు పెట్టుకుని మళ్ళీ నిలదొక్కుకున్నారు.

హాంకాంగ్ దర్శకుడు వాంగ్ కార్ వై 2000లో తీసిన 'ఇన్ ది మూడ్ ఫర్ లవ్' చిత్రకథ మొదలయ్యేదీ ఆ 1962లోనే. అందులో కథానాయిక మ్యాగీ చియుంగ్ ఒంటరితనం భరించలేక, సాయంత్రాలు క్యారియర్ చేతబట్టుకుని మెట్లు దిగి సందులోని అంగడికి నూడుల్స్ తెచ్చుకోవడానికి వెళుతుంది. ఆ మెట్ల మీదే కథానాయకుడు టోనీ లియుంగ్ ఎదురవుతాడు. పార్సిల్ నూడుల్స్‌ని ఇంత అందంగా చూపించిన సినిమా మరొకటి లేదంటే అతిశయోక్తి కాదు. తెరమీద హాంకాంగ్‌లో నూడుల్స్ క్యారియర్ కదిలిన ఏడాదే, ఇక్కడ ఆ వంట మనకి నేర్పిన వాళ్ళని రైలెక్కించి శిబిరానికి పంపారు. ఆ షాటు మళ్ళీ చూసినప్పుడు ఈ సంగతీ గుర్తు తెచ్చుకోండి.

ఇక సికిందరాబాదు సంగతి. 1806లో సికందర్ జా పేరుమీద ఏర్పడ్డ ఈ కంటోన్మెంటు ఊళ్ళో దొరల కాలం నుంచీ కొత్త రుచులకి గిరాకీ ఉంది. సినిమాకీ తిండికీ ఇక్కడ చుట్టరికం పాతదే. బిర్యానీకి పేరుమోసిన ప్యారడైజ్ 1953లో మొదలైంది అదే పేరుగల సినిమాహాలు క్యాంటీనుగానే కదా! ఇంగ్లీషు సినిమాలకి పెట్టింది పేరైన సంగీత్ థియేటర్ ఇప్పుడు లేదు గానీ, అక్కడ సినిమా చూడని పాతతరం కాలేజీ కుర్రాడు అరుదు. చేతిలో నాలుగు డబ్బులుంటే పార్క్ లేన్‌లోని నాన్‌కింగ్‌లో చైనా భోజనం చెయ్యడం ఆ రోజుల్లో గొప్ప దర్జా.

అటు తెరమీద 1973లో 'ఎంటర్ ది డ్రాగన్' వచ్చింది. ఆ ఏడాది జులై 20న, సినిమా విడుదల కాకుండానే, బ్రూస్ లీ కన్నుమూశాడు. ఆయన పోస్టరు లేని కుర్రాళ్ళ గది ఉండేది కాదంటారు. ఊరూరా కరాటే క్లాసులు వెలిశాయి. సుమన్, భానుచందర్ వంటి వాళ్ళు ఆ విద్యతోనే తెలుగు తెరమీద అభిమానుల్ని సంపాదించుకున్నారు. 1983లో మన దేశంలోకి మ్యాగీ వచ్చి, నూడుల్స్‌ని ఏకంగా వంటింట్లోకే తెచ్చిపెట్టింది. ఇలా వెండితెర నుంచి, ఖరీదైన హోటలు నుంచి, ప్యాకెట్ నుంచి నడిచి నడిచి నూడుల్స్ సందు మొగలోని బండి ఎక్కాయి.

బండి మీద జరిగేదేమిటి?

ఇప్పుడు అసలు ఘట్టం. బండి కింద ఉండే పెద్ద బర్నరు బుస్సుమంటూ మండుతుంది చూశారూ, దాని వేడి మన ఇంటి గ్యాసు పొయ్యి వేడికి ఎన్నో రెట్లు. పెద్ద హోటళ్ళ చైనా పొయ్యిలైతే ఇంటి పొయ్యికి పదింతల వేడినిస్తాయి. ఆ వేడికి కూరముక్కల్లోంచి ఊరిన నీరు ఊరినట్టే ఆవిరైపోతుంది. బాణలి అడుగున చుక్క నిలవదు.

నీరు నిలిస్తే ఏమవుతుందంటారా? నీళ్ళున్నంతసేపూ ఆ పదార్థం వేడి 100 డిగ్రీలు దాటదు. అంటే అది ఉడుకుతుందే తప్ప వేగదు. కమ్మటి కమురు వాసన, అంచుల్లో ఎర్రటి రంగు రావాలంటే 140, 150 డిగ్రీలు దాటాలి. అంచేత, తడి ఉన్నచోట వేపుడు లేదు. మన ఇంట్లో జరిగే అనర్థమంతా ఇదే. చిన్న మంట మీద పెద్ద బాణలి పెట్టి, నలుగురికి సరిపడా సరుకు ఒకేసారి పోస్తాం. బాణలి చల్లబడుతుంది. క్యాబేజీ నీరు కారుతుంది. నూడుల్స్ ఆ నీరు తాగి ఉబ్బి ముద్దవుతాయి. కథ కంచికి!

ఆ కమురు వాసననే కాంటన్ ప్రాంతపు చైనా వాళ్ళు 'వోక్ హే' అంటారు, అంటే బాణలి ఊపిరి అని. దాన్ని తెప్పించడానికి వంటవాడు బాణలిని ఊపుతూ సరుకుని గాల్లోకి ఎగరేస్తూనే ఉంటాడు. అమెరికాలోని జార్జియా టెక్ శాస్త్రజ్ఞులు ఇద్దరు వంటవాళ్ళు ఫ్రైడ్ రైస్ ఎగరేసే తీరుని వీడియోలు తీసి లెక్కలు కట్టి 2020లో ప్రకటించారు. సెకనుకి దాదాపు మూడుసార్లు! గింజలు మాడకుండా వేగడానికి ఆ వేగమే కారణమట. ఈ పని చేసే వంటవాళ్ళలో చాలామందికి భుజం నొప్పి తప్పడం లేదనీ వాళ్ళు రాశారు. మనకి రెండు నిమిషాల్లో చేతికొచ్చే ప్లేటు వెనక ఒకరి భుజం అరుగుతోందన్నమాట.

పులిహోర నేర్పిన పాఠం

ఇంట్లో అంత మంట లేదు. భయం లేదు. నీళ్ళని పొయ్యి దగ్గర కాదు, పొయ్యి ఎక్కకముందే ఓడించాలి. ఈ విద్య మన అమ్మలకి తెలిసిందే. పులిహోరకి అన్నం ఎలా చేస్తారు? ఒక పలుకు మీద వార్చి, వెడల్పాటి పళ్ళెంలో పరిచి, నూనె చుక్క వేసి, పొడిపొడిగా ఆరనిస్తారు. నూడుల్స్‌కీ అచ్చంగా అదే.

ఇద్దరికి 150 గ్రాముల హక్కా నూడుల్స్ చాలు. పెద్ద గిన్నెలో రెండు లీటర్ల నీళ్ళు తెర్లనిచ్చి, చెంచాడు ఉప్పు వేసి నూడుల్స్ వెయ్యండి. ప్యాకెట్ మీద రాసినదానికంటే ఒక్క నిమిషం ముందే దించండి. ఒక పోగు తుంచి చూస్తే మధ్యలో సన్నటి తెల్ల చుక్క కనపడాలి. వెంటనే చిల్లుల గిన్నెలో వార్చి, చన్నీళ్ళతో కడగండి. దాంతో ఉడకడం ఆగుతుంది, అంటుకునేలా చేసే గంజీ పోతుంది. పూర్తిగా నీరు ఓడిన తరవాత చెంచాడు నూనె రాసి, వెడల్పాటి పళ్ళెంలో పరిచి ఫాను కింద అరగంట వదిలెయ్యండి. తొందర పడకండి. సగం విజయం ఈ అరగంటలోనే ఉంది. ఆరిన నూడుల్స్‌ని మూతపెట్టి రాత్రంతా ఫ్రిజ్‌లో ఉంచితే మరీ మంచిది.

క్యాబేజీ గుప్పెడు, చిన్న క్యారెట్ ఒకటి, క్యాప్సికం సగం, ఉల్లిపాయ ఒకటి. అన్నీ ముందే కడిగి, గుడ్డతో తుడిచి, ఆ తరవాత అగ్గిపుల్లల్లా సన్నగా తరగండి. తరిగాక కడిగారో, విలన్‌ని మీరే ఇంట్లోకి పిలిచినట్టు! ముక్కల మీద ముందే ఉప్పు చల్లకండి. ఉప్పు నీటిని బయటికి లాగుతుంది.

ఒక కప్పులో సోయా సాస్ మూడు టీస్పూన్లు, చిల్లీ సాస్ రెండు టీస్పూన్లు, వెనిగర్ ఒక టీస్పూను, మిరియాల పొడి అర టీస్పూను, చిటికెడు పంచదార కలిపి పెట్టుకోండి. పొయ్యి వెలిగించాక సీసాల మూతలు తియ్యడానికి తీరిక ఉండదు.

ఇక పొయ్యి దగ్గరికి రండి. వంటింటి కిటికీ తెరవండి. నాన్‌స్టిక్ పెనం వద్దు. ఖాళీగా అంత వేడి చేస్తే దాని పూత పాడై చెడ్డ పొగ వస్తుంది. అమ్మమ్మల నాటి ఇనప మూకుడు అటక మీద ఉంటే దింపండి, దానికి సాటి లేదు. పెద్ద బర్నరు మీద పూర్తి మంట పెట్టి, సన్నగా పొగ లేచేదాకా మూకుడు కాలనివ్వండి.

ఒక్కో ప్లేటు విడిగా చెయ్యండి. ఇది అన్నిటికంటే ముఖ్యమైన సూత్రం. బండివాడు కూడా జనం ఎంత మూగినా మూకుడు నింపెయ్యడు.

రెండు టీస్పూన్ల నూనె, దంచిన వెల్లుల్లి, తరిగిన పచ్చిమిర్చి. పది సెకన్లు. ఉల్లిపాయ, క్యారెట్ సగం సగం వేసి ఒక నిమిషం. క్యాబేజీ, క్యాప్సికం వేసి అర నిమిషం. ముక్క కరకరలాడుతుండగానే మొత్తం పళ్ళెంలోకి తీసెయ్యండి. గుడ్డు కావలసిన వాళ్ళు దాన్ని కూడా విడిగా వేయించి పక్కన పెట్టుకోవాలి. మూకుడు మళ్ళీ కాలనిచ్చి, కాస్త నూనె వేసి, సగం నూడుల్స్ పరచండి. పరిచాక అర నిమిషం కదపకండి! చేతులు ఊరుకోవు, అయినా ఆపుకోండి. అడుగున అక్కడక్కడ ఎర్రబడితేనే ఆ కమురు వాసన వచ్చేది. గాల్లోకి ఎగరేసే సాహసాలు వద్దు. ఒక చేత అట్లకాడ, ఒక చేత ఫోర్కు పట్టుకుని పైకెత్తి విదపండి, చాలు. పక్కన పెట్టిన ముక్కలు కలిపి, కప్పులోని సాస్‌లో సగం నూడుల్స్ మీద కాకుండా మూకుడు అంచు మీదుగా పొయ్యండి. చుయ్యిమని సగం నీరు అక్కడే ఎగిరిపోతుంది. అర నిమిషం తిప్పి, రుచి చూసి అప్పుడు ఉప్పు. దించి ఉల్లికాడలు చల్లండి. రెండో ప్లేటుకి మళ్ళీ మొదటి నుంచి.

ఒక హెచ్చరిక. ఎప్పుడైనా నూనె అంటుకుంటే గ్యాసు కట్టి మూత బోర్లించండి. నీళ్ళు మాత్రం పొయ్యకండి, మంట ఒక్కసారిగా పైకి లేస్తుంది. ఇక్కడా విలన్ నీళ్ళే!

అజినొమోటో భూతం

ఇంట్లో పెద్దవాళ్ళు తప్పకుండా అడిగే ప్రశ్న ఇది. 1908లో జపాన్ శాస్త్రజ్ఞుడు కికునే ఇకెడా సముద్రపు నాచులోంచి ఈ రుచిని వేరుచేశాడు. ఇలాంటి పదార్థమే మన టొమాటోలోనూ సహజంగా ఉంది. 1968లో అమెరికాలో ఒక డాక్టరు చైనా హోటల్లో తిన్నాక మెడ తిమ్మిరెక్కిందని వైద్య పత్రికకి ఉత్తరం రాసి, బహుశా ఇదీ ఒక కారణమేమోనని అనుమానపడ్డాడు. అప్పటినుంచి దానికి చెడ్డపేరు. తరవాత జరిపిన పరీక్షల్లో, మామూలుగా వంటలో వాడే మోతాదుకి ఆ ఇబ్బందులు నిలకడగా రుజువు కాలేదు. చిటికెడు వేసినా భయపడక్కర్లేదు, మానేసినా లోటు లేదు.

నిజంగా జాగ్రత్త పడవలసింది ఉప్పు విషయంలో. మూడు టీస్పూన్ల సోయా సాస్‌లో సుమారు 900 మిల్లీగ్రాముల సోడియం ఉంటుంది. రోజు మొత్తానికి 2,000 మిల్లీగ్రాములు దాటవద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ మాట. అంచేత సాస్ పోశాకనే ఉప్పు సంగతి చూడమన్నది. ఇక రంగుల సంగతి. గోబీ మంచూరియాలో కృత్రిమ రంగులు కలపడాన్ని కర్ణాటక ప్రభుత్వం 2024 మార్చిలో నిషేధించింది. ఎక్కడైనా ప్లేటు మరీ సింధూరంలా మెరుస్తుంటే మొహమాటం లేకుండా వద్దనండి. ఇంట్లో చేసుకుంటే ఆ బెడద లేదు.

బండికి సెలవా?

అబ్బే, లేదు! మారేడుపల్లిలోనో చిలకలగూడలోనో గది అద్దెకి తీసుకుని చదువుకునే కుర్రాడికి నెలాఖరులో ఈ విద్య అక్కరకొస్తుంది. చెల్లెలి పుట్టినరోజుకి అన్న చేసిపెడితే ఆ సరదాయే వేరు. కానీ ఆ మంట, ఆ మోత, ఆ చేతివాటం ఇంటికి రావు. ఒకసారి మీరు స్వయంగా మూకుడు ముందు నిలబడి చెమటోడ్చాక, రాత్రి పదకొండింటి దాకా వంద ప్లేట్లు వేసేవాడి కష్టం ఏమిటో మీ భుజానికే తెలుస్తుంది.

ఆ బండి వెనక నిలబడేవాళ్ళలో నేపాల్ నుంచీ, ఈశాన్య రాష్ట్రాల నుంచీ వచ్చిన కుర్రాళ్ళు చాలామంది. ముఖం చూసి "ఏయ్ చైనా!" అని పిలవడం కొందరికి తమాషా. 1962లో దేవ్‌లీకి వెళ్ళినవాళ్ళనీ ముఖం చూసే పంపారు. ఈసారి ప్లేటు అందుకునేటప్పుడు ఆ అబ్బాయి పేరేమిటో అడగండి. ఊరు పేరు కూడా అడగండి. తెరమీద పది సెకన్లు కనపడే నటుడి పేరు కూడా గుర్తుపెట్టుకునే సినిమా పిచ్చోళ్ళం మనం, ఈ మాత్రం గుర్తుపెట్టుకోలేమా?